బిల్లీ రఫియన్ నుంచి మా లాకుల లస్కరు దాకా

2016లో నేను ఆన్‌సైటు పని మీద ఇంగ్లండులో ఉన్నాను. మా టీములో ఒక పెద్దాయన ఉండేవాడు, రిటైర్మెంటుకి ఇంకో రెండేళ్ళుంది. ఆయనకీ, వాళ్ళావిడకీ ఓడ ప్రయాణాలంటే పిచ్చి. మనవాళ్ళు ఏటేటా తిరుపతి వెళ్ళినట్టు వీళ్ళు ఏటేటా క్రూయిజ్‌కి వెళ్తారు. వెళ్ళొచ్చాక వారం పాటు లంచి టైములో వేరే టాపిక్ ఉండదు. పక్క టీములో ఇంకో ఇద్దరు ఇదే బాపతు. ముగ్గురూ కలిస్తే ఇంక పరాచికాలే పరాచికాలు.

మొదటి రోజే నేను నోరు జారాను. "మీ బోటు బాగుందా?" అన్నాను మర్యాదకి. పెద్దాయన శాండ్‌విచ్ పక్కన పెట్టి, నా వంక జాలిగా చూసి, "బాబూ, అది షిప్పు. షిప్పు మునిగిపోతే ఎక్కేదాన్ని బోటు అంటారు" అన్నాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. ఆ జోకు వాళ్ళ తాతల కాలం నాటిదట. ప్రతి కొత్తవాడి మీదా ఒకసారి ప్రయోగిస్తారన్నమాట.

వాళ్ళ జోకులన్నీ ఇలాంటివే. ఓడలో సిబ్బందిని ప్రయాణికులు అడిగే తింగరి ప్రశ్నల చిట్టా ఒకటి ఉంది. "మిడ్‌నైట్ బఫే ఎన్నింటికండీ?", "సిబ్బంది రాత్రిళ్ళు ఓడలోనే పడుకుంటారా?", "ఈ మెట్లు పైకి వెళ్తాయా, కిందకా?" పొద్దున్న ఆరింటికే లేచి డెక్కు మీద పడక కుర్చీల్లో తువ్వాళ్ళు పరిచేసి, పది గంటలకి తీరిగ్గా వచ్చేవాళ్ళ మీద ఇంకో వంద జోకులు. ఇది విన్నప్పుడు మాత్రం నాకు ప్రాణం లేచొచ్చింది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకునే జాతి మనది. ఆ సంగతి చెప్తే ముగ్గురూ పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచీ నేనూ వాళ్ళ బల్ల దగ్గర మెంబర్నే :)

సరే, అసలు విషయానికొస్తాను. అదే 2016 మార్చిలో బ్రిటన్లో ఒక తమాషా జరిగింది. అక్కడి పర్యావరణ పరిశోధన మండలి కొత్తగా కట్టిస్తున్న ధ్రువ పరిశోధక నౌకకి పేరు చెప్పమని జనాన్ని అడిగింది. పెద్ద పెద్ద అన్వేషకుల పేర్లు వస్తాయనుకున్నారు పాపం. ఒక మాజీ రేడియో ప్రెజెంటర్ సరదాకి 'బోటీ మెక్‌బోట్‌ఫేస్' అని రాశాడు. మన భాషలో 'పడవయ్య పడవమొహంగారు' లాంటి పేరన్నమాట. దానికి 1,24,109 ఓట్లు పడి మొదటి స్థానంలో నిలిచింది! చివరికి ప్రభుత్వం నౌకకి 'సర్ డేవిడ్ అటెన్‌బరో' అని పేరు పెట్టి, నౌక మీదుండే ఒక పసుపు రంగు చిన్న జలాంతర్గామికి 'బోటీ మెక్‌బోట్‌ఫేస్' ఇచ్చి జనాన్ని ఊరుకోబెట్టింది. ఆ చిన్నది 2017లో అంటార్కిటికా సముద్రం అడుగుకి వెళ్ళి, అక్కడి గాలులకీ, సముద్రం లోతుల్లో నీళ్ళు వేడెక్కడానికీ సంబంధం తేల్చే సమాచారం తెచ్చింది. పేరు వేళాకోళమే గానీ పని మాత్రం గట్టిది.

"ఇంత పెద్ద దేశం, ఇదేం చిన్నపిల్లల వేషాలండీ" అన్నాను. పెద్దాయన "ఇవాళ కొత్తగా మొదలైంది కాదు, మా నావికులు మూడొందల ఏళ్ళుగా చేస్తున్నదే" అన్నాడు. ఆ సాయంత్రం నుంచి నేను ఓడల పేర్ల చరిత్ర చదవడం మొదలెట్టాను. పని మానేసి చదివానని మా మేనేజరుకి చెప్పకండి.

బ్రిటిష్ నౌకాదళంలో 'బెల్లెరోఫోన్' అని ఒక యుద్ధనౌక ఉండేది. 1786లో నీళ్ళలోకి దిగింది. రెక్కల గుర్రం ఎక్కిన గ్రీకు వీరుడి పేరు అది. పెట్టినవాళ్ళు లాటిన్, గ్రీకు చదువుకున్న దొరలు. ఓడలో తాళ్ళు లాగేవాళ్ళకి ఆ పేరు నోరు తిరగలేదు. 'బిల్లీ రఫియన్' అనేశారు, అంటే రౌడీ బిల్లీ. నైలు యుద్ధంలో, ట్రఫాల్గర్‌లో పోరాడింది ఆ రౌడీ బిల్లీయే. 1815 జులై 15న నెపోలియన్ చక్రవర్తి లొంగిపోయింది కూడా ఆ ఓడ మీదే. చరిత్ర పుస్తకాల్లో బెల్లెరోఫోన్, నావికుల నోట బిల్లీ. నెల్సన్‌కి ఎంతో ఇష్టమైన 'అగమెమ్నాన్' గతీ అంతే. అది 'ఎగ్స్ అండ్ బేకన్' అయిపోయింది, అంటే పొద్దున్న టిఫిను.

ట్రఫాల్గర్ అంటే గుర్తొచ్చింది. 1805లో ఆ యుద్ధంలో గెలిచామని, నెల్సన్ చనిపోయాడని ఇంగ్లండుకి కబురు తెచ్చిన ఓడ పేరేంటో తెలుసా? 'పికిల్'. అవునండీ, ఊరగాయ!! నవంబరు 4న ఫాల్మత్ చేరింది. దాని కెప్టెను అక్కడ బండెక్కి, దారిలో 21 సార్లు గుర్రాలు మార్చి, ఒకటిన్నర రోజుల్లో లండన్ చేరాడు. ఇప్పటికీ వాళ్ళ నౌకాదళంలో నవంబరులో 'పికిల్ నైట్' అని విందు చేసుకుంటారు. ఆవకాయ లేకుండా ఊరగాయ పండగేమిటో నాకు అర్థం కాదు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇంకా విడ్డూరం. జర్మన్ జలాంతర్గాముల్ని వేటాడటానికి చిన్న చిన్న ఓడలు రెండువందల పైచిలుకు కట్టి, చాలావాటికి పువ్వుల పేర్లు పెట్టారు. బటర్‌కప్, గ్లాడియోలస్, మేరీగోల్డ్... 1941 నవంబరులో జిబ్రాల్టర్ దగ్గర 'యు-433' అనే జలాంతర్గామిని ముంచింది ఈ మేరీగోల్డే. బంతిపువ్వు చేతిలో మునిగిపోయామని ఆ జర్మన్లు ఇంటికి ఏమని ఉత్తరం రాసుంటారు అని నవ్వుకున్నాను. తర్వాత చదివితే, ఏడాది తిరిగేసరికి 1942 డిసెంబరులో ఆ మేరీగోల్డ్ కూడా మునిగిపోయింది. నవ్వు ఆగిపోయింది. యుద్ధంలో హాస్యం అంటే అంతేనేమో. రేపు ఉంటామో లేదో తెలియనివాళ్ళే ఎక్కువ జోకులేస్తారు.

ఇక ప్రయాణికుల ఓడలకొస్తే, కూనార్డ్ కంపెనీ వాళ్ళ పేర్లన్నీ 'యా'తో ముగిసేవి. 1840 నాటి బ్రిటానియా, తర్వాత లూసిటానియా, మారెటానియా, అక్విటానియా. పోటీ కంపెనీ వైట్ స్టార్ పేర్లన్నీ 'ఇక్'తో. ఒలింపిక్, టైటానిక్, బ్రిటానిక్. మన ఇళ్ళల్లో అన్నదమ్ములందరికీ ఒకే ప్రాస కలిసేలా పేర్లు పెట్టడం లేదూ, అలాగ. కూనార్డ్ 'బెరెంగారియా' ముసలిదయ్యాక చవక టిక్కెట్లతో విహారయాత్రలకి తిప్పితే, జనం దాన్ని 'బార్గెన్ ఏరియా' అనేశారు.

1934లో ఈ రెండు కంపెనీలూ కలిసిపోయాయి. అప్పటికి క్లైడ్ నది ఒడ్డున ఒక మహానౌక సగంలో ఉంది. దాని పేరు గురించి ఒక కథ ఉంది. కూనార్డ్ వాళ్ళు 'విక్టోరియా' అని పెడదామనుకుని, ఐదో జార్జి రాజుగారి దగ్గరికెళ్ళి, "ఇంగ్లండు మహారాణుల్లోకెల్లా గొప్ప రాణి పేరు పెట్టుకుంటామండి" అన్నారట. ఆయన వెంటనే "మా ఆవిడ చాలా సంతోషిస్తుంది" అన్నాట్ట. ఆవిడ పేరు మేరీ! ఇంక కాదనే ధైర్యం ఎవరికుంది? అలా 'క్వీన్ మేరీ' అయిందంటారు. కథ నిజమైనా కాకపోయినా ఇది మాత్రం నిజం: క్లైడ్‌లో తిరిగే ఒక చిన్న స్టీమరుకి అప్పటికే ఆ పేరుంది. పెద్దదాని కోసం ఆ చిన్నది 'క్వీన్ మేరీ 2' అని పేరు మార్చుకోవాల్సి వచ్చింది. డేటాబేసులో యూనిక్ కీ వయొలేషన్ అంటే ఇదే :)

ఇలాంటి కట్టుకథల్లో రారాజు 'పాష్' అనే మాట. ఇండియా వచ్చేటప్పుడు ఓడకి ఎడమ వైపు, తిరిగి వెళ్ళేటప్పుడు కుడి వైపు ఎండ తగలని గదులు. డబ్బున్న దొరలు అవే కొనుక్కునేవాళ్ళు, ఎడమని చెప్పే 'పోర్ట్', కుడిని చెప్పే 'స్టార్‌బోర్డ్' కలిపి, ఆ నాలుగు మాటల మొదటి అక్షరాలు పి అండ్ ఓ కంపెనీ టిక్కెట్ల మీద ముద్ర వేసేవారు, అందుకే షోకైనవాళ్ళని 'పాష్' అంటారు, అని కథ. నేనే కనీసం పదిమందికి చెప్పాను ఈ కథ. తీరా చూస్తే అలాంటి ముద్ర ఉన్న టిక్కెట్టు ఇంతవరకూ ఒక్కటి కూడా దొరకలేదు. నిఘంటువులవాళ్ళు ఎప్పుడో కొట్టిపారేశారు. మీరు కూడా ఎవరికైనా చెప్పుంటే నాలాగే లెంపలేసుకోండి.

విహారయాత్రల మీద రాసిన మొదటి తరం రాతల్లో కూడా ఈ పేర్ల సరదా ఉంది. 1844లో పి అండ్ ఓ వాళ్ళు రచయిత థాకరేకి ఉచితంగా టిక్కెట్టిచ్చి మధ్యధరా సముద్రం తిప్పారు, పబ్లిసిటీ కోసం. ఆయన 1846లో పుస్తకం వేశాడు, 'మైకేల్ ఏంజెలో టిట్‌మార్ష్' అనే దొంగ పేరుతో! ఈ థాకరే పుట్టింది మన కలకత్తాలోనే, 1811లో.

అన్నిటికన్నా నాకు నచ్చింది 'కాన్‌బెర్రా' కథ. పి అండ్ ఓ వారి తెల్లటి విహారనౌక. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధం వస్తే ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుని, హెలికాప్టర్లు దిగడానికి ఈతకొలను మీద డెక్కు కట్టి, సైనికుల్ని ఎక్కించి పంపింది. ముసలమ్మలు టీ తాగుతూ నడిచే డెక్కు మీద పారాట్రూపర్లు బూట్లేసుకుని పరుగు ప్రాక్టీసు చేశారు. ఓడకి వాళ్ళు పెట్టుకున్న పేరు 'గ్రేట్ వైట్ వేల్', పెద్ద తెల్ల తిమింగలం. అది మే 21న బాంబులు పడుతున్న శాన్ కార్లోస్ జలాల్లోకి నేరుగా వెళ్ళింది. పోటీ కంపెనీ ఓడ 'క్యూఈ2' కూడా యుద్ధానికి వెళ్ళింది గానీ, దూరంగా సౌత్ జార్జియా దగ్గర సైనికుల్ని దించి వెనక్కి తిరిగింది. జులై 11న కాన్‌బెర్రా సౌతాంప్టన్‌కి తిరిగొచ్చినప్పుడు, క్యూఈ2 వెళ్ళనన్న చోటికి మేం విహారానికి వెళ్ళొచ్చాం అనే అర్థంతో ప్రాస కుదిర్చి బ్యానరు కట్టుకొచ్చారు. చావు తప్పి వచ్చినవాళ్ళు ఒడ్డు చేరగానే చేసిన పని పక్క ఓడని ఆటపట్టించడం! మా పెద్దాయన ఇది చెప్తున్నప్పుడు ఆయన కళ్ళు తడిశాయి. జోకు చెప్తూ కన్నీళ్ళు పెట్టుకున్న మనిషిని నేను అప్పుడే చూడటం.

అక్కడితో ఆగితే ఈ టపా సరదాగా అయిపోయేది. కానీ ఒకరోజు పెద్దాయన వాళ్ళమ్మ ఆల్బం పట్టుకొచ్చాడు. ఆవిడ చిన్నప్పుడు బొంబాయి నుంచి ఓడలో ఇంగ్లండు వచ్చిందట. అందులో ఒక ఫోటో. ముందు వరసలో కుర్చీల్లో తెల్ల దుస్తుల ఆఫీసర్లు. కింద ఒక్కొక్కరి పేరూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుంది. వెనక వరసల్లో తలపాగాలతో నల్లటి మనుషులు, ముప్ఫైమంది దాకా. వాళ్ళందరికీ కలిపి ఒకటే మాట: 'సరంగ్, లాస్కర్లు'.

"ఇది మీ దేశపు మాటేగా, అర్థం తెలుసా?" అన్నాడాయన. తెలియకపోవడమేంటి! మాది గోదావరి డెల్టా. పాపికొండల లాంచీ నడిపేవాణ్ణి సరంగు అనే అంటాం. లస్కరు అంటే కాలవ గట్టున తిరుగుతూ తూములు ఎత్తి దించే మనిషి. ఈ రెండూ ఇంగ్లీషు ఓడలో ఏం చేస్తున్నాయి?

చదివితే తెలిసింది. పారశీకంలో లష్కర్ అంటే సైన్యం. ఆ మాట తిరిగి తిరిగి, ఆసియా నుంచి వచ్చి యూరోపు ఓడల్లో పనిచేసే నావికుల పేరయింది. వాళ్ళ మేస్త్రీ సరంగు. సరంగు కింద తండేలు. శ్రీకాకుళం మత్స్యకారులు ఇప్పటికీ తమ నాయకుణ్ణి ఆ మాటతోనే పిలుస్తారు, 2025లో సినిమా కూడా వచ్చింది కదా. ఓడని తిప్పేవాడు 'సీకన్నీ', మన చుక్కానికి దగ్గరి చుట్టం. ఇద్దరికీ మూలం అరబ్బీ 'సుక్కాన్'. ఈ ఓడ భాష నేర్చుకోకపోతే దొరలకి తెరచాప ఎత్తడం కూడా కుదిరేది కాదు. అందుకే 1811లో రోబక్ అనే ఆయన దాని కోసం ఏకంగా ఒక నిఘంటువు అచ్చు వేశాడు.

1914 నాటికి బ్రిటిష్ వాణిజ్య నౌకల్లో లస్కర్లు దాదాపు 51 వేలమంది. డెక్కు మీద గుజరాత్, కొంకణ్ వాళ్ళు, బాయిలర్ల దగ్గర సిల్హెట్, పంజాబ్ వాళ్ళు, భోజనాల గదిలో గోవా వాళ్ళు. జీతం తెల్ల నావికుడి జీతంలో మూడో వంతు, ఒక్కోచోట అంతకన్నా తక్కువ. పడుకోవడానికి 1894 చట్టం తెల్ల నావికుడికి 72 ఘనపుటడుగుల చోటు ఇమ్మంటే, లస్కరుకి ఇండియా చట్టం ప్రకారం 36. అంటే ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. మన ఇంట్లో బీరువా కన్నా కాస్త పెద్దది. మొదటి ప్రపంచ యుద్ధంలో వీళ్ళు మూడువేల మందికి పైగా చనిపోయారు. "సిబ్బంది రాత్రిళ్ళు ఓడలోనే పడుకుంటారా?" అనే జోకు ఆ తర్వాత నాకు అంత నవ్వు తెప్పించలేదు.

మన వాళ్ళకీ ఇలాంటి పేరొకటి ఉంది. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళు ఏ ఊరివాళ్ళయినా సరే, అక్కడ అందరూ 'కోరంగీలు'. యానాం పక్కనున్న కోరంగి రేవులో ఓడెక్కి వచ్చారు కాబట్టి! రేవు పేరే మనిషి పేరయిపోయింది.

నేను చెప్పొచ్చేదేంటంటే, పేరు మార్చడంలో రెండు రకాలున్నాయి. బెల్లెరోఫోన్‌ని బిల్లీ అన్నవాళ్ళు అందులోనే తిని, అందులోనే పడుకుని, అందులోనే చచ్చారు. దాన్ని తమది చేసుకోవడానికి మార్చుకున్న పేరది. లస్కరు, కోరంగీ అలా కాదు. అడిగే ఓపిక లేక అంటించిన లేబుళ్ళవి. మా ఆఫీసులో నన్ను 'సన్నీ' అనేవారు. నా పేరు సూర్యనారాయణ. పెద్దాయన మూడుసార్లు ప్రయత్నించి, నోరు తిరక్క, "అర్థమేంటి?" అని అడిగాడు. సూర్యుడని చెప్తే అప్పుడు పెట్టిన పేరది. అడిగి పెట్టాడు కాబట్టి నాకెప్పుడూ తప్పనిపించలేదు. ఫోటో సంగతి ఈ మాటల్లోనే ఆయనతో అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మా అమ్మ రోజూ ఆ సరంగుతో ఆడుకునేదట. పేరు మాత్రం అడగలేదు" అన్నాడు.

ఆయన్ని అనడానికి నేనెవణ్ణి? ఆ రాత్రి నాకు మా ఊరి లాకుల దగ్గరుండే లస్కరు గుర్తొచ్చాడు. ఖాకీ నిక్కరు, చేతిలో తూము తిప్పే ఇనప కడ్డీ. వేసవి సెలవుల్లో మేం లాకుల దగ్గర ఈత కొడుతుంటే గట్టు మీద కూర్చుని ఎవరూ లోతుకి పోకుండా కాపలా కాసేవాడు. ఒకసారి నన్ను జుట్టు పట్టుకుని పైకి లాగాడు కూడా. ఆయన్ని మేమంతా 'లస్కరు' అనేవాళ్ళం. ఏళ్ళ తరబడి.

ఇంటికి ఫోన్ చేసి నాన్నని అడిగాను, ఆయన పేరేంటని. నాన్న తడుముకోలేదు. ఇంటిపేరుతో సహా చెప్పాడు. ఆయన పోయి ఆరేళ్ళయిందనీ, కొడుకు కాకినాడలో ఉన్నాడనీ చెప్పాడు. "ఇన్నేళ్ళకి ఎందుకురా అడుగుతున్నావు?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియలేదు. ఊళ్ళో అందరికీ తెలిసిన పేరే. నేనే ఎప్పుడూ అడగలేదు.

ఆ పేరు ఇక్కడ రాయడం లేదు, వాళ్ళబ్బాయిని అడగలేదు కాబట్టి. ఈసారి ఊరెళ్ళినప్పుడు అడుగుతాను. ఈలోగా మీ ఊరి లస్కరు పేరేంటో, మీరెక్కిన లాంచీ సరంగు పేరేంటో గుర్తుందేమో ఒకసారి ఆలోచించి చూడండి. గుర్తు రాకపోతే ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. వాళ్ళకి తెలిసే ఉంటుంది.